ఫిబ్రవరి పులుసు కోసం మే నెలలో నాటే గుమ్మడి

ఆగస్టులో మా వైపు ఏ తెలుగువాళ్ళ ఇంటికి వెళ్ళినా తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచి పెడతారు. అందులో లేత సొరకాయ ఉంటుంది, లేదంటే నాలుగు బీరకాయలు, ఒక గోంగూర కట్ట, పసుపచ్చగా పండిన దోసకాయలు. గుళ్ళో భోజనాల హాలు బయట ఒక బల్ల మీద కూడా పెట్టి వెళ్తుంటారు, కావలసినవాళ్ళు తీసుకోమని. మళ్ళీ ఫిబ్రవరిలో చూస్తే ఆ మనుషులమే ఇండియన్ స్టోర్‌లో వడలిపోయిన వంకాయల్ని ఒక్కొక్కటి తిప్పి చూసుకుంటూ, మచ్చ లేనిది దొరికితే బుట్టలో వేసుకుంటూ ఉంటాం. వేసవిలో అంత పండించినవాళ్ళం చలికాలం వచ్చేసరికి ఇలా ఎందుకైపోతున్నాం అన్నది నన్ను చాలా ఏళ్ళు బాధపెట్టిన సంగతి. దానికి నాకు దొరికిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివార్లలో. ఇంటి వెనక తోట మొదలుపెట్టి పదకొండు వేసవులైంది. ఇక్కడ మే నెల సగం అయ్యేదాకా ఫ్రాస్ట్ (మొక్కల్ని రాత్రికి రాత్రి చంపేసే గడ్డకట్టే చలి) భయం పోదు, అక్టోబర్ వచ్చిందంటే మళ్ళీ మొదలు. అంటే నేలలో ఏదైనా పెరిగేది ఐదు నెలలు, మిగతా ఏడు నెలలు పండినదాన్ని దాచుకుని తినాలి, లేదా కొనుక్కోవాలి. పండించడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరని నేను గట్టిగా నమ్ముతాను, మార్చిలో వంటింటి కిటికీ దగ్గర లైటు పెట్టి వంగ నారు పోసి, డాబా మీద పాదు పాకించినట్టు డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కమ్ములకి బీర తీగ పాకిస్తారు. దాచడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ఒకటే మంత్రం, ఫ్రీజర్. నిండితే గరాజ్‌లో రెండో ఫ్రీజర్. నా వాదన ఏమిటంటే, ఫ్రీజర్ మొదటి దారి కాకూడదు, చివరి దారి కావాలి. ఇంకో మాట కూడా ఉంది, నిల్వ గురించి అక్టోబర్లో ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టే, విత్తనం ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి.

ఇది నాకు నాలుగో ఏడు తెలిసొచ్చింది. అక్టోబర్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఫోన్లో హెచ్చరిక వచ్చింది, రాత్రికి 31 డిగ్రీలు అని (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే, ఇక్కడ నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర). ఆఫీసు నుంచి వచ్చిన బట్టలతోనే నేనూ మా ఆయనా పిల్లలూ టార్చిలైట్లు పట్టుకుని తోటంతా ఊడ్చేశాం. వంకాయలు, చిక్కుడుకాయలు, బెండకాయలు, పచ్చి టమాటాలు, మిరపకాయలు, గోంగూర మొక్కలకి మొక్కలే. అర్ధరాత్రి దాకా కూర్చుని కోసి, జిప్‌లాక్ సంచుల్లో వేసి, ఫ్రీజర్ తలుపు పట్టనంతగా కుక్కాం. ఎంత తృప్తిగా పడుకున్నామో. జనవరిలో చిక్కుడుకాయ కూర చేస్తే ఎండుగడ్డి నమిలినట్టుంది. వంకాయ ముక్కలు నల్లగా, నీళ్ళు కారుతూ, పోపులో వేయగానే ముద్దైపోయాయి. మార్చిలో రెండు పెద్ద చెత్త సంచుల నిండా మా చేతులతో పండించినదాన్ని బయట పడేశాం. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. కొన్నదాన్ని పారేయడం వేరు, నారు పోసిన రోజు నుంచి నీళ్ళు పెట్టి పురుగులేరి పెంచినదాన్ని పారేయడం వేరు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పుకుంటే, "అన్నీ ఒకేచోట కుక్కితే ఎట్లా నిలుస్తాయే? గుమ్మడికాయ చోటు గుమ్మడికాయది, ఉల్లిపాయ చోటు ఉల్లిపాయది," అంది. మామూలుగా అన్న మాటే. కాని ఆ మాటతో నాకు తెనాలి దగ్గర మా అమ్మమ్మ గారి ఇల్లు మొత్తం కళ్ళముందు కనిపించింది. దూలానికి ఉట్టిలో గుమ్మడికాయలు. అటక మీద పలచగా పరిచిన ఉల్లిపాయలు, గాలి ఆడాలని కింద గడ్డి. వంటింట్లో పొయ్యికి దూరంగా, చీకటి మూల చింతపండు కుండ, పక్కన ఊరగాయ జాడీలు వాసెనలు కట్టి. వరుగుల డబ్బా మాత్రం పొయ్యి పైన గూట్లో, తేమ తగలకుండా. వడ్లు గాదెలో. తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో జొన్నలకి నేలలో పాతర ఉండేది. ఆ ఇంట్లో ఏ మూల చల్లగా ఉంటుందో, ఏ మూల పొడిగా ఉంటుందో అమ్మమ్మకి తెలుసు, దాన్ని బట్టే ఏది ఎక్కడుండాలో అక్కడుండేది. నేను మాత్రం నా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఉంటూ ఏ మూల ఎంత చలిగా ఉంటుందో ఎన్నడూ చూసుకోలేదు.

అప్పుడు చేసిన మొదటి పని ఒక చిన్న థర్మామీటర్, తేమ కూడా చూపించేది, కొనడం. వారానికొక చోట పెట్టి రాసుకున్నాను. బేస్‌మెంట్‌లో ఉత్తరం గోడ మూల, జనవరిలో కూడా 52 నుంచి 56 మధ్యే ఉంది. గరాజ్‌లో ఇంటి గోడ వైపు 36 నుంచి 42, బాగా చలి పడ్డ వారాల్లో ఇంకా కిందికి. మేడ మీద అల్మరాలో 66, తేమ చాలా తక్కువ. ఒకే ఇంట్లో మూడు ఊళ్ళున్నట్టు. మీరు వ్యాసం మొత్తంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి, మీ ఇంటి మూలలు మీరు కొలుచుకోండి, నా అంకెలు మీ ఇంటికి సరిపోకపోవచ్చు.

కోసిన కాయ, తవ్విన దుంప బతికే ఉంటాయి. ఊపిరి పీలుస్తాయి, తమలో ఉన్న తీపినీ పిండినీ కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటాయి, నీటిని వదులుతాయి. చల్లగా ఉంటే నెమ్మదిగా ఖర్చవుతుంది. అయితే వేడి దేశాల్లో పుట్టిన మొక్కల కాయలకి మరీ చలి పనికిరాదు, ఫ్రిజ్‌లో పెట్టిన వంకాయ మీద గుంటలు పడేది, బెండకాయ నల్లబడేది అందుకే. క్యారెట్‌కి చలి హాయి, చిలగడదుంపకి చలి చావు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

గుమ్మడి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా చలికాలమంతా దాని మీదే నడుస్తుంది. ఇక్కడ కొట్లలో దొరికే బటర్‌నట్ స్క్వాష్‌ని మనవాళ్ళు చాలామంది పరాయిదనుకుంటారు. మన కూర గుమ్మడి, బటర్‌నట్ రెండూ ఒకే జాతి, శాస్త్రం వాళ్ళు కుకుర్బిటా మోస్కాటా అంటారు. హాలోవీన్‌కి గుమ్మం ముందు పెట్టే నారింజ రంగు గుమ్మళ్ళలో ఎక్కువ భాగం, జుకినీ, ఏకార్న్ ఇవన్నీ వేరే జాతి, కుకుర్బిటా పెపో, అవి అంతకాలం నిలవవు. పులుసులో వేసినప్పుడు బటర్‌నట్ ముక్క మన గుమ్మడిలాగే ఉడికి, తీపిగా, ముక్క విరగకుండా ఉండేది ఆ చుట్టరికం వల్లే. అందుకని నేను ఇప్పుడు పెట్టే పాదులన్నీ ఆ జాతివే.

కాయ ముదిరిందో లేదో గోరు గుచ్చి చూడాలి, గోరు దిగకూడదు. తొడిమ రెండు మూడు అంగుళాలు ఉంచి కత్తితో కోయాలి, తొడిమ ఊడిన కాయ, గీత పడిన కాయ ముందు వండేసుకోవాలి, అవి నిలవవు. తొడిమ పట్టుకుని ఎత్తకూడదు, ఇది మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. కోశాక పది రోజులు 80 నుంచి 85 డిగ్రీల వెచ్చదనంలో, గాలి ఆడేలా ఉంచితే తోలు గట్టిపడుతుంది, చిన్న గీతలు మానిపోతాయి. అక్టోబర్ మిషిగన్‌లో అంత వేడి ఎక్కడిది అంటారా, నేను ఫర్నేస్ (ఇంటిని వెచ్చబెట్టే యంత్రం) ఉన్న చిన్న గదిలో బల్ల మీద పెడతాను, సెప్టెంబర్ చివర్లోనే కోస్తే దక్షిణం వైపు కిటికీ ఎండ కూడా పనికొస్తుంది. తర్వాత బేస్‌మెంట్ మూలకి, అట్టల మీద, ఒకదానికొకటి తగలకుండా. 50 నుంచి 55 డిగ్రీలు దీనికి సరైన చోటు. రెండు మూడు నెలలు తేలిగ్గా నిలుస్తుంది, బాగా ముదిరి, దెబ్బ తగలకుండా ఉన్నవి నాకు మార్చి దాకా వచ్చాయి. పైగా దాచిన కాయ కోసిన రోజు కంటే నెల రోజుల తర్వాత తియ్యగా ఉంటుంది, లోపలి పిండి తీపిగా మారుతుంది కాబట్టి.

సంక్రాంతికి దప్పళం పెట్టాలి కదా. జనవరి 14న బయట అడుగు మంచు. బేస్‌మెంట్‌లోంచి మన గుమ్మడికాయ, మన చిలగడదుంప, ఉల్లిపాయ, తోటలో ఎండిన మిరపకాయ తెచ్చి ఆ పులుసు కాచిన మొదటి ఏడాది నాకు బాగా గుర్తు. సొరకాయ, ములక్కాడ కొన్నవే. అయినా ఆ పండగ మిషిగన్‌కి వచ్చాక మొదటిసారి పంట పండగలా అనిపించింది. ఎందుకంటే అది నిజంగానే పంట.

ఈ నేల మీద ఇది మనం కొత్తగా చేస్తున్నది కాదు. మాకు పడమరగా చాలా దూరంలో, మిస్సోరి నది ఒడ్డున ఉండిన హిడాట్సా అనే మూలవాసి తెగ స్త్రీలు గుమ్మడికాయల్ని చక్రాల్లా కోసి, పుల్లలకి గుచ్చి ఎండబెట్టి, మొక్కజొన్నతో పాటు నేలలో తవ్విన గోతుల్లో దాచుకునేవారు. మూతి సన్నగా, అడుగు వెడల్పుగా ఉండే గోతులు. వాటి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు వెంటనే పాతర అన్న మాట గుర్తొచ్చింది. ఉత్తర మిషిగన్ అడవుల్లో కూడా ఇక్కడి మూలవాసులు తిండి దాచుకున్న గోతులు ఇప్పటికీ గుంటల్లా కనిపిస్తాయి. ఫ్రీజర్ లేని రోజుల్లో ఈ చలిని దాటినవాళ్ళు వీళ్ళు. వాళ్ళ దారి మన అమ్మమ్మల దారికి ఇంత దగ్గరగా ఉందంటే, ఆ దారిలో ఏదో గట్టిదనం ఉన్నట్టే కదా.

దుంపల సంగతి. చిలగడదుంపలు నేను మొదటి ఏడాది గరాజ్‌లో పెట్టాను, చల్లగా ఉంటే మంచిదనుకుని. డిసెంబర్లో ఉడకబెడితే ఎంతసేపైనా మధ్యలో గట్టిగా, కట్టెలా ఉండిపోయాయి. 50 డిగ్రీల కంటే తక్కువ చలి తగిలితే చిలగడదుంపకి అదే జరుగుతుంది. దీన్ని కూడా గుమ్మడిలాగే తవ్విన వెంటనే వెచ్చగా, కాని తేమగా, వారం పది రోజులు ఉంచాలి, నేను పైన తడిగుడ్డ కప్పుతాను. తర్వాత 55 నుంచి 60 మధ్య. బంగాళదుంపకి అలా కాదు, చీకటి కావాలి, 40 నుంచి 45 దాకా చలి కావాలి. అంతకంటే చల్లబడితే పిండి తీపిగా మారి వేపుడు నల్లగా మాడుతుంది. వెలుతురు తగిలి పచ్చబడ్డ భాగం చేదు మాత్రమే కాదు, విషం కూడా, కోసి పారేయాలి. ఉల్లిపాయల్నీ బంగాళదుంపల్నీ ఒకే బుట్టలో పెట్టే అలవాటు మన ఇళ్ళలో చాలా ఉంది, వారానికి వాడేసే పరిమాణానికి పరవాలేదు, నెలల నిల్వకి వద్దు, దుంప వదిలే తేమకి ఉల్లి మొలకలొస్తాయి, కుళ్ళుతుంది.

ఉల్లి గురించి ఇంకో మాట, ఇది నాకు మూడేళ్ళు అర్థం కాలేదు. ఉల్లి గడ్డ ఎప్పుడు ఊరాలో పగటి పొడుగు చూసి నిర్ణయించుకుంటుంది. మన దేశం రకాలు 12 గంటల పగలుకే గడ్డ కట్టడం మొదలుపెడతాయి. ఇక్కడ మే, జూన్ నెలల్లో పగలు 14, 15 గంటలు, అందుకని మొక్క ఇంకా చిన్నగా ఉండగానే గడ్డ కట్టేసి గోళీకాయంత దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ లాంగ్ డే రకాలే, అంటే పగలు బాగా పొడుగైతేనే గడ్డ కట్టేవే వేయాలి, అందులోనూ తీపి రకాలు కాకుండా ఘాటైనవి. ఘాటు ఎంత ఎక్కువుంటే నిల్వ అంత ఎక్కువ. నేను ప్యాటర్సన్ అనే రకం వేస్తాను, మెడ సన్నగా ఉంటుంది, ఆకులు వాలిపోయాక పీకి, గరాజ్‌లో నీడన మూడు వారాలు ఆరబెడితే మెడ పూర్తిగా ఎండిపోతుంది. మెడ తడిగా ఉన్నది ముందు వాడుకోవాలి. వెల్లుల్లి అక్టోబర్లో నాటి జూలైలో తీసి ఇలాగే ఆరబెడతాను, ఆ పంట నాకు ఏడాదిలో అన్నిటికంటే తక్కువ శ్రమ.

క్యారెట్లకి పెద్ద బకెట్లో తడి ఇసుక. తడి అంటే పిడికిట పట్టి నొక్కితే నీరు కారకూడదు. ఆకులు పూర్తిగా తీసేసి, పొరలు పొరలుగా పేర్చి గరాజ్‌లో పెడతాను, బాగా గడ్డకట్టే వారాల్లో లోపలికి జరుపుతాను. పక్కన యాపిల్ పళ్ళు ఉండకూడదు, యాపిల్ వదిలే ఇథిలీన్ అనే, కాయల్ని మగ్గబెట్టే గాలికి క్యారెట్ చేదెక్కుతుంది. కొన్ని వరసలు నేలలోనే ఉంచి పైన మందంగా గడ్డి కప్పి, నేల బిగుసుకుపోయేదాకా తవ్వుకుంటాను. చలి తగిలిన క్యారెట్ ఎంత తియ్యగా ఉంటుందో తింటేనే తెలుస్తుంది, గడ్డకట్టకుండా తనని తాను కాపాడుకోవడానికి అది తనలో తీపి పెంచుకుంటుంది.

అదే ఇథిలీన్ టమాటాలకి మేలు చేస్తుంది. ఫ్రాస్ట్ ముందు రోజు కోసిన పచ్చి టమాటాలని చూసి దిగులు పడనక్కర్లేదు. మామిడికాయలు గడ్డిలో మగ్గబెట్టడం తెలిసినవాళ్ళం మనం. పూర్తిగా పెరిగి, ఆకుపచ్చ కాస్త తెల్లబారిన కాయల్ని కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో 60 డిగ్రీల చోట పెడితే వంతులవారీగా పండుతాయి, తొందరుంటే పెట్టెలో ఒక అరటిపండు వేయండి. వారానికోసారి అన్నీ తీసి చూడాలి, ఒకటి కుళ్ళితే పక్కవాటికి పాకుతుంది. వేసవి రుచి రాదు, కాని డిసెంబర్ మొదటి వారం దాకా పప్పులోకీ చారులోకీ ఇంటివే వచ్చాయి. మరీ లేతగా ఉన్నవి పండవు, అవి నువ్వులు వేసి పచ్చి టమాటా పచ్చడి. ఒక్క సంగతి, చలి కొట్టి నీరుపట్టిన కాయని పెట్టెలో చేర్చకండి.

ఇక ఎండబెట్టడం. ఇక్కడ నేను మా అమ్మతో కూడా వాదించాను. అమ్మ మా దగ్గరికి వచ్చిన వేసవిలో వంకాయ, గోరుచిక్కుడు వరుగులు పెడదామని డెక్ మీద గుడ్డ పరిచింది. మూడు రోజులకి వంకాయ చక్రాలకి బూజు వచ్చింది. అమ్మ చేతిలో లోపం ఏమీ లేదు. గుంటూరు, కృష్ణా వైపు ఏప్రిల్ ఎండకి పట్టే పని అది. ఎండలో కూరగాయ ఎండాలంటే వేడి 85 దాటి ఉండాలి, గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలి. మిషిగన్ జూలైలో వేడి ఉంటుంది, తేమ దిగదు. పద్ధతి అమ్మది, ఎండ ఈ ఊరిది, రెండూ కలవలేదు. అందుకని ముక్కల్ని అమ్మ చెప్పినట్టే ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, డీహైడ్రేటర్లో (వేడి గాలితో ఎండబెట్టే యంత్రం) 135 దగ్గర గలగలమనేదాకా ఎండబెట్టాం. కాకరకాయ చక్రాలు మజ్జిగలో ఊరేసి. సీసాలో పోసి వారం రోజులు రోజూ కదిపి చూశాం, సీసా గోడకి చెమ్మ పడితే ఇంకా ఆరలేదని లెక్క. ఆ ఏడాది చలికాలం వంకాయ వరుగుల పులుసు తిన్నప్పుడు, తాజా వంకాయకి బదులుగా కాదు, దాని రుచే వేరుగా ఉంది. వరుగులు పాతకాలం పని, తిండికి గతిలేని రోజుల పని అని మనలో ఒక చిన్నచూపు ఉంది. అది తప్పు. ఎండబెడితే రుచి చిక్కబడుతుంది.

మిరపకాయలకి యంత్రం కూడా అక్కర్లేదు. ఫర్నేస్ తిరగడం మొదలయ్యాక ఇళ్ళలో గాలి ఎలా పొడిబారుతుందో, పెదవులు ఎలా పగులుతాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గాలే మన ఎండ. పండిన పలుచటి మిరపకాయల్ని దారానికి గుచ్చి మేడ మీద గదిలో కడితే మూడు నాలుగు వారాల్లో ఎండుతాయి. బూడిద గుమ్మడి మంచి వేసవి వస్తే నాకు ఒకటో రెండో కాస్తాయి, పైన తెల్లటి బూడిద తుడవకుండా ఉంచితే నెలలు ఉంటుంది, కాని మేము ఉంచం, వడియాలు పెట్టేస్తాం. ఊరమిరపకాయలు, వడియాలు వేగుతున్న వాసన వస్తే మంచు తుఫాను రోజు కూడా పిల్లలు పప్పన్నానికి పిలవకుండా వస్తారు.

ఒక విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. ఈ మధ్య మనవాళ్ళు మేసన్ జార్లు (బిగుతు మూత గాజు సీసాలు) కొని, కూరగాయ ముక్కలు నీళ్ళలో పోసి, గిన్నెలో మరిగించి, మూత బిగిస్తే అయిపోయిందనుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి. పులుపు లేని కూరగాయల్లో, గాలి లేని సీసాలో, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేస్తుంది, చాలాసార్లు వాసన కూడా రాదు. మరిగే నీళ్ళ 212 డిగ్రీలకి దాని బీజాలు చావవు, 240 కావాలి, అది ప్రెషర్ క్యానర్లోనే (సీసాల్ని ఆవిరి ఒత్తిడిలో ఉడికించే పెద్ద పాత్ర) వస్తుంది. మన ఇంటి ప్రెషర్ కుక్కర్ సరిపోదు, అది చిన్నది, తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లెక్కలన్నీ పెద్ద క్యానర్ల మీద వేసినవి. 2015 ఏప్రిల్‌లో మా పక్క రాష్ట్రం ఒహాయోలో, లాంకాస్టర్ ఊళ్ళో ఒక చర్చి విందులో బంగాళదుంప సలాడ్ తిన్నవాళ్ళలో 29 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. ఆ దుంపల్ని ఇంట్లో సీసాల్లో పెట్టినవాళ్ళు ప్రెషర్ క్యానర్ వాడకుండా మామూలుగా మరిగించారు. పాపం వాళ్ళు ఎంత ప్రేమగా చేసి ఉంటారో. పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో 4.6 అనేది గీత (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), అంతకంటే పులుపైనవే మరిగే నీళ్ళ పద్ధతికి పనికొస్తాయి. టమాటా ఆ గీత మీదే ఉంటుంది, అందుకని పింట్ (సుమారు అర లీటరు) సీసాకి ఒక టేబుల్ స్పూన్, క్వార్ట్‌కి (సుమారు లీటరు) రెండు, సీసాలో అమ్మే నిమ్మరసం వేయాలి. గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి నేను సీసాల్లో మరిగించి అల్మరాలో పెట్టను. ఉప్పు, చింతపండు, నూనె ఇంటింటికీ మారే పచ్చడికి ఎవరి హామీ ఉంటుంది? తడి లేకుండా చేసి, పైన నూనె తేలేలా పోసి, ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను.

ఇవన్నీ అయ్యాక ఫ్రీజర్. నేను దాన్ని తీసిపారేయలేదు, దాని పని దానికి ఉంది. చిక్కుడు, బీన్స్ మూడు నిమిషాలు మరిగే నీళ్ళలో వేసి, వెంటనే ఐసు నీళ్ళలోకి తీసి, తడి ఆరాక పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేయాలి. మేము ఆ ఏడాది వదిలేసిన మెట్టు అదే. గడ్డకట్టినా కాయలోని ఎంజైములు పూర్తిగా ఆగవు, ఆ మూడు నిమిషాల వేడే వాటిని ఆపుతుంది, లేకపోతే గడ్డి వాసన ఖాయం. వంకాయ ముక్కలుగా వద్దు, కాల్చి గుజ్జు చేసి పెట్టుకోండి, జనవరిలో పెరుగు పచ్చడికి, పచ్చిపులుసుకి బంగారంలా పనికొస్తుంది. గోంగూర ఆకు నూనెలో మగ్గించి చిన్న చిన్న ముద్దలుగా. టమాటా గుజ్జు దగ్గరగా ఉడికించి. బెండకాయ వేయించి పెడితే పులుసుకి సరే, వేపుడు ఆశ వదులుకోవాలి. ప్రతి సంచి మీద తేదీ. బీర, పొట్ల, లేత సొర దాచాలని నేను ఇక ప్రయత్నించను. అవి వేసవివి, అప్పుడే తిని, అప్పుడే పంచాలి.

ఇంత శ్రమ ఎందుకు, ఉల్లిపాయల సంచి కొట్లో చవగ్గా దొరుకుతుంది కదా అని స్నేహితులు అడుగుతారు. నిజమే, ఉల్లి, బంగాళదుంప విషయంలో డబ్బు మిగులుతుందని నేను చెప్పను, చెప్తే అబద్ధం. నేను అడిగేది వేరు. వేసవంతా మీరు ఎలాగూ శ్రమ పడుతున్నారు. ఆ శ్రమలో కొంత భాగాన్ని ఆగస్టులో బల్ల మీద పెట్టి ఎవరో ఒకరు తీసుకుంటారులే అనుకునే పంట నుంచి, ఫిబ్రవరిలో మీ కంచంలోకి వచ్చే పంట వైపు జరపమంటున్నాను. రోజుకి ఇంకో గంట పని పెంచమనడం లేదు, నాలుగు సొర పాదులు పెట్టే చోట ఒకటి పెట్టి, మిగతా మూడు చోట్ల గుమ్మడి పెట్టమంటున్నాను. ఒక ఇంటికి ఒక సొర పాదు చాలు, పక్కింటికి పంపగా కూడా మిగులుతుంది. మా తోటలో ఈ మార్పు చేశాక పారేసే సంచులు పోయాయి, రెండో ఫ్రీజర్ అమ్మేశాం.

విత్తనం ఎంచుకునే ముందు కాగితం మీద ఫిబ్రవరిలో ఒక వారం వంట రాసుకోండి. సోమవారం పప్పు, మంగళవారం పులుసు, ఇలా. నేను రాసుకుంటే మా ఇంట్లో వారానికి రెండుసార్లు గుమ్మడో చిలగడదుంపో, ఐదారు ఉల్లిపాయలు, ఒక వెల్లుల్లి గడ్డ, రెండుసార్లు టమాటా, ఒకసారి గోంగూర, ఒకసారి వరుగులు లెక్కకొచ్చాయి. దాన్ని అక్టోబర్ నుంచి మార్చి దాకా వారాలతో గుణిస్తే మేలో ఎన్ని మొక్కలు పెట్టాలో తెలిసిపోయింది. మన పండుగ చిక్కుడు మీద మాత్రం నాకు ఇంకా పట్టు దొరకలేదు, పగలు తగ్గేదాకా పూత పట్టదు, సెప్టెంబర్లో పూస్తుంది, కాయ ఎదిగేలోపు ఫ్రాస్ట్ కొట్టేస్తుంది. తొందరగా పూసే రకం దొరికినవాళ్ళుంటే రాయండి.

ఇవాళ ఫిబ్రవరి రెండో ఆదివారం, బయట 14 డిగ్రీలు. పొద్దున్నే బేస్‌మెంట్‌కి వెళ్ళి లెక్క చూశాను. అక్టోబర్లో పెట్టిన 23 గుమ్మడికాయల్లో ఐదు ఉన్నాయి, ఒకదానికి తొడిమ దగ్గర మెత్తబడింది, అది ఈ మధ్యాహ్నం పులుసుకి. చిలగడదుంపలు ఒక పెట్టె, ఉల్లిపాయలు రెండు జడలు, ఇసుక బకెట్ అడుగున పదిహేను క్యారెట్లు. ఇంకో బల్ల మీద లైటు కింద, పోయిన వారం చల్లిన ప్యాటర్సన్ ఉల్లి విత్తనం దారప్పోగుల్లా మొలకెత్తుతోంది.